అలసట ఎరుగని ఆటగాడు

చేవెళ్ళ, మొయినాబాదు పరిసరాల ఖాళీ స్థలాలలో సాయంకాలం బంతి విసిరే బాలురకు నేటి క్రీడాకారుల పేర్లన్నీ కంఠస్థం. కొట్టారి కనకయ్య నాయుడు పేరు వారిలో ఎందరికి తెలుసు?

తెలుగు కుటుంబంలో 1895 అక్టోబరు 31న నాగపూర్‌లో జన్మించిన నాయుడు, 1916లో ప్రథమశ్రేణి క్రికెట్‌లో అడుగుపెట్టారు. 1926 డిసెంబరులో బొంబాయి జింఖానా మైదానంలో ఎం.సి.సి. జట్టుపై 11 సిక్సర్లతో 153 పరుగులు సాధించారు. లోకం నేటికీ ఆ సిక్సర్లనే తలచుకుంటుంది. బంతితో ఆయన పడగొట్టిన 400కు పైగా వికెట్ల ఊసు అరుదు. ఇది న్యాయం కాదు.

1932లో లార్డ్స్‌లో భారతదేశపు తొలి టెస్టుకు ఆయనే నాయకుడు. చేతికి గాయమైనా, మొదటి ఇన్నింగ్స్‌లో మన జట్టు పక్షాన అత్యధికంగా 40 పరుగులు చేసింది కూడా ఆయనే. ఆడిన టెస్టులు ఏడు మాత్రమే. అయితేనేం, పిలిచిన జట్టుకల్లా వెళ్ళారు. ఆయన నాయకత్వంలో హోల్కర్ జట్టు నాలుగు పర్యాయాలు రంజీ ట్రోఫీని గెలుచుకున్నది. 1953-54లో, రంజీలో తొలి అడుగులు వేస్తున్న ఆంధ్ర జట్టుకు సారథ్యం వహించేనాటికి ఆయనకు యాభై ఎనిమిదేళ్ళు! ఆ వయసులో ఇతరులు మనుమలను ఆడిస్తూ ఉంటారు. తరువాత ఉత్తరప్రదేశ్ పక్షాన ఆడారు. 1963లో, అరవై ఎనిమిదేళ్ళ ప్రాయంలో, చివరిసారిగా ప్రథమశ్రేణి మైదానంలోకి దిగారు. మరి నాలుగేళ్ళకు ఇండోరులో కన్నుమూశారు.