ముద్రణమునందు పొదుపు

2008లో విమానాశ్రయము తెరచినది మొదలు మా శంషాబాదునందు డ్రైవరనిన ప్రయాణికులను చేరవేయు కారు డ్రైవరే యెల్లరకును స్ఫురించును. కంప్యూటరునందును డ్రైవరు గలడు. మనము వ్రాసిన పుటను ప్రింటరునకు తెలియు భాషలోనికి మార్చి యందించు దుబాసి యాతడు. మేము చెప్పబోవున దాతనిగూర్చియే.

మావా రుపాధ్యాయులగుటచే ప్రశ్నపత్రములను మా యింటి పాత లేజరు ప్రింటరుపై ముద్రించుట కలదు. కంప్యూటరు మార్చినపుడు, ప్రింటరుతో వచ్చిన డ్రైవరు క్రొత్తదానియందు పనిచేయదయ్యెను. యంత్రము దిట్టముగనే యున్నది. దుబాసి లేక మూగవోయినది. అంతట మా మేనల్లుడు లినక్సును, పలువురు వ్రాసి లోకమునకు విడిచిన స్వేచ్ఛా డ్రైవరును ఎక్కించి యిచ్చెను. 1999లో వెలువడిన కప్స్ అను ముద్రణవ్యవస్థ దీనిని నడుపును.

అందు అమరికలు పెక్కులు: అంగుళమునకు 300 చుక్కలా, 600 చుక్కలా, కాగితము పలుచనా, మందమా, టోనరు పొదుపు వలయునా, వలదా. పొదుపన్న మాట కంటబడిన గృహిణి యూరకుండునా? మేము పొదుపును పెట్టి, చుక్కలను 300కు దించి, టోనరు మరికొన్ని నెలలు వచ్చునని మురిసితిమి.

పరీక్ష ముగిసిన పిమ్మట నొక బాలిక మా గుమ్మమున నిలిచి, "అమ్మగారూ, ఇందులో ఒత్తెక్కడున్నదో చూపండి" అని కన్నీటితో పత్రమును చాచెను. 'ధార' యను పదమున కర్థ మడుగగా, ఆ పిల్ల 'దార' యని చదివి, 'భార్య' యని వ్రాసి, మార్కు గోల్పోయినది. భూతద్దముతో చూచితిమి, 'ధ' క్రింది గీత మాసిపోయియుండెను. తప్పు మాదే. మావారితో చెప్పి, అట్లు వ్రాసినవారందరకును మార్కు లిప్పించితిమి.

లేజరు ప్రింటరు వెలుగుతో డ్రమ్ముపై అక్షరమును గీయును. ఆ గీతకు టోనరు పొడి యంటును. పిదప వేడిమికి కాగితముపై కరగి యతుకుకొనును. పొదుపు పెట్టినచో పొడి పలుచబడును. పెద్ద యక్షరములు దాని కోర్చును గాని, మన ఒత్తులు, దీర్ఘములు సన్నపు గీతలగుటచే ముందుగా నవియే నశించును.

ఇప్పుడు చిత్తుప్రతులకు మాత్రమే పొదుపు పెట్టుదుము. పిల్లలు చదువువానికి 600 చుక్కలు, నిండు టోనరు. కాగితమునకు రెండువైపుల ముద్రించిన సగము కాగితము మిగులును. అక్షరమునకు హాని లేదు. శుభలేఖలవంటి మందపు కాగితమునకు ఆ యమరికనే యెన్నుకొనవలెను; లేనిచో పొడి సరిగా నతుకక వ్రేలికి రాలును.

ఈ స్వేచ్ఛకు మూలమును ఒక ప్రింటరే. 1980 ప్రాంతమున అమెరికాలోని ఎం.ఐ.టి. ప్రయోగశాలలో లేజరు ప్రింటరునందు కాగితము తరచు చిక్కుకొనుచుండెను. రిచర్డ్ స్టాల్మన్ గారు దానిని సవరింపగోరి మూలలిపి నడుగగా, ఇవ్వరైరి. ఆ యనుభవము మనసున నాటియే యాయన 1983లో గ్నూ ప్రయత్నమును ప్రకటించిరి. మన హైదరాబాదులో స్వేచ్ఛ యను సంస్థ యిట్టి సాఫ్ట్‌వేరును ప్రచారము చేయుచున్నది.

అమరికలు మన చేతికి వచ్చినవి. వానితోడనే బాధ్యతయు వచ్చినది. అందుచే ప్రతి పరీక్షకు ముందు 'దార–ధార', 'పలము–ఫలము' అని యొక పుట ముద్రించి, వెలుతురున చూచుచున్నాము. గీత కనబడిన పిమ్మటనే తక్కిన కాగితములు పెట్టుదుము.