వొత్తులు కనబడని పాఠం

మా తండాలో ఏ ఇంట్లో ఏ టీవీ వస్తుందో తెలుసుకోవాలంటే లోపలికి పోవాల్సిన పని లేదు. ఇంటి మీది డిష్ ఎటు చూస్తుందో చూస్తే చాలు. దాదాపు దక్షిణానికి తిరిగి ఉంటే టాటా వాళ్ళది. బాగా తూర్పుకు మళ్ళి ఉంటే ఎయిర్‌టెల్. ఆగ్నేయ మూలకు చూస్తుంటే మాత్రం వెంటనే చెప్పలేం. అది దూరదర్శన్ ఫ్రీ డిష్ అయినా కావచ్చు, సన్ డైరెక్ట్ అయినా కావచ్చు. ఆ రెండూ చూసేది ఒకే చోటికి. 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర, భూమధ్యరేఖకు పైన, జీశాట్-15 అనే మన దేశపు ఉపగ్రహం ఉంది. 2015 నవంబరులో పంపారు దాన్ని. పైసలు కడితే వచ్చే బొమ్మా దాని నుంచే దిగుతుంది, పైసలు లేకుండా వచ్చే బొమ్మా దాని నుంచే దిగుతుంది.

ఈ ముచ్చట ముందే చెప్పడానికి కారణం ఉంది. చౌటుప్పల్ నుంచి నారాయణపురం దిక్కు పోయే దారిలో ఉన్న మా తండాల్లో ‘ఫ్రీ డిష్ ఇల్లు’ అంటే ఒక తక్కువ మాట. ఆ ఇంట్లో బొమ్మ మసకగా ఉంటే ఎవరూ ఎందుకని అడగరు. “పైసలు కట్టని బొమ్మ గట్లనే ఉంటది తియ్” అంటారు. రేషన్ బియ్యం గురించి, సర్కారు దవాఖాన గురించి, మా బడి గురించి కూడా ఇదే మాట వింటూ పెరిగినవాళ్ళం మేం. అందుకే ఈ మాటను ఒకసారి విప్పి చూడాలనిపించింది.

మా కంటే ముందువాళ్ళకు డిష్ లేదు, యాంటెనా ఉండేది. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబర్ 23న మొదలైంది. రామంతాపూర్ నుంచి వచ్చే ఆ ప్రసారం చౌటుప్పల్ హైవే మీది ఇళ్ళకు బాగానే అందేది. మా దగ్గరికి వచ్చేసరికి రాచకొండ గుట్టలు అడ్డం. గుట్టలకు తగిలి మళ్ళిన తరంగం కాస్త ఆలస్యంగా వచ్చి, తెర మీద ఒక్కో మనిషికి పక్కన నీడ మనిషిని నిలబెట్టేది. మిగిలిన జాగా అంతా చీమలు. ఒకరు మిద్దె ఎక్కి గుంజ తిప్పుతుంటే, ఇంకొకరు వాకిట్లో నిలబడి “వచ్చింది, వచ్చింది... పోయింది” అని అరిచేవాళ్ళు. ఆ తిప్పుడులో ఒక విద్య ఉండేది. ఎంత సరిగ్గా తిప్పితే బొమ్మ అంత తేట.

చిత్రమేమంటే, హైదరాబాద్‌లో స్టేషన్ పెట్టకముందే ఉపగ్రహం నుంచి పల్లెకు నేరుగా టీవీ వచ్చింది. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు ఏడాది పాటు, అమెరికా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహంతో ఇస్రో ‘సైట్’ అనే ప్రయోగం చేసింది. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలు. వాటిలో మన రాష్ట్రపు పల్లెలూ ఉన్నాయి, తెలుగులో కార్యక్రమాలూ ఉన్నాయి. కోళ్ళ గూటికి వేసే జాలీ లాంటి జాలీతో చేసిన పెద్ద డిష్, ఊరందరికీ కలిపి ఒక టీవీ. అందులో చూపించింది చదువు, సేద్యం, ఆరోగ్యం. అంటే ఆకాశం నుంచి వచ్చిన మొదటి బొమ్మకు బిల్లు లేదు.

యాంటెనా కాలం ఇప్పుడు అయిపోయింది. దూరదర్శన్ తన పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను ఒక్కొక్కటిగా ఆపుకుంటూ వచ్చి, 2022 మార్చి నాటికి కొద్ది చోట్ల తప్ప అన్నీ మూసేసింది. డిజిటల్ యాంటెనా ప్రసారాలను 2016లో 16 నగరాల్లో మొదలుపెట్టినప్పుడు ఆ జాబితాలో హైదరాబాద్ లేదు. కాబట్టి మా వంటి చోట ఉచితంగా చూడాలంటే మిగిలింది 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైన ఫ్రీ డిష్ ఒక్కటే. ఒక్కసారి పెట్టె, డిష్ కొంటే అంతే, నెల నెలా కట్టేది లేదు. పెద్ద తెలుగు వినోద చానళ్ళు అందులో దాదాపు లేవు, హిందీవి ఎక్కువ. ఇది మా ముసలివాళ్ళకు ఇబ్బంది కాలేదు. గోర్ బోలికి హిందీ దగ్గర కాబట్టి వాళ్ళు తెలుగు సీరియల్ కంటే హిందీ సీరియల్‌నే సులువుగా పట్టుకుంటారు. పేచీ అంతా నడిమి వయసు వాళ్ళతోనే.

అసలు సంగతి 2020లో బయటపడింది. కరోనాతో బడులు మూతబడ్డాక, సెప్టెంబర్ 1 నుంచి మన రాష్ట్రంలో డీడీ యాదగిరి, టీ-శాట్ చానళ్ళలో పాఠాలు మొదలయ్యాయి. మా తండాలో స్మార్ట్‌ఫోన్ ఉన్న ఇళ్ళు తక్కువ, ఫోన్ ఉన్నా సిగ్నల్ కోసం గుట్ట దిక్కు నడవాలి. టీవీ ఉన్న ఇంట్లో నలుగురైదుగురు పిల్లలు కూర్చునేవాళ్ళు. మాలో డిగ్రీ చదివేవాళ్ళం, బీఎడ్ చేసినవాళ్ళం కలిసి, ఏ ఇంట్లో ఎవరు కూర్చోవాలో పంచి, సాయంత్రం నోటు పుస్తకాలు చూసేవాళ్ళం.

ఆ నోటు పుస్తకాల్లో ఒక తేడా కనబడింది. కొన్ని ఇళ్ళలో కూర్చున్న పిల్లలు ‘లబ్ధం’ను ‘లబం’ అని రాశారు. ‘విస్తీర్ణం’ ‘విసీరం’ అయింది. భిన్నంలో కింది అంకె 3 ఒకరికి, 8 ఒకరికి. పిల్లలు అజాగ్రత్తగా రాయలేదు, కనబడింది కనబడినట్టే రాశారు. తెర మీద వొత్తు లేదు, వాళ్ళ పుస్తకంలోనూ లేదు.

తెలుగు లిపి గురించి ఆ రోజుల్లోనే మేం గట్టిగా ఆలోచించాం. ఇంగ్లీషు అక్షరం ఒక్క వరుసలో నిలబడుతుంది. మన అక్షరానికి పైన గుడి, నెత్తిన తలకట్టు, కింద వొత్తు. ఒక్క లైను రాయడానికి మూడు అంతస్తుల జాగా కావాలి. మామూలు ఎస్‌డీ బొమ్మలో పైనుంచి కిందికి ఉండేవి 576 గీతలు, హెచ్‌డీలో 1080. స్లైడులో పది లైన్లు ఇరికిస్తే ఒక్కో లైనుకు ఎస్‌డీలో దక్కేది యాభై చిల్లర గీతలు. అందులో ‘థ’ లోపలి చుక్కకు, ‘ధ’ కింది గీతకు మిగిలేది రెండో మూడో. మొదట పోయేవి అవే.

ఇంకో మాట, ఇది టీచర్లు పట్టించుకోవాల్సినది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడికి ‘విస్తీర్ణం’ సగం కనబడినా, చెవి ఆ మాటను ఎక్కడో విని ఉంటుంది కాబట్టి మిగతా సగం తనే పూరించుకుంటాడు. మా పిల్లలకు ఇంట్లో యాడి, బాపు మాట్లాడేది గోర్ బోలి. బడి తెలుగు వాళ్ళకు కంటితో నేర్చుకునే భాష. కన్ను తప్పితే ఊహించుకోవడానికి వెనక ఏమీ లేదు. ఒకే మసక బొమ్మ చౌటుప్పల్ పిల్లవాడి దగ్గర ఒక వొత్తు తీసుకుంటే, మా పిల్లవాడి దగ్గర మాట మొత్తం తీసుకుపోతుంది.

అందుకని ఒక ఆదివారం రెండు పెట్టెలు తెచ్చి ఒకే టీవీకి మార్చి మార్చి తగిలించి చూశాం. ఒకటి ఫ్రీ డిష్‌ది, ఇంకొకటి నెల నెలా రీచార్జి చేసే ఒక కంపెనీది. రెండింట్లోనూ వచ్చే చానల్ కావాలి కాబట్టి డీడీ యాదగిరి పెట్టుకున్నాం. మొదటి చూపులో కంపెనీ పెట్టె గెలిచింది. అక్షరం అంచు కోసినట్టుంది. అయితే కంపెనీ పెట్టె హెచ్‌డీఎంఐ వైరుతో, ఫ్రీ డిష్ పెట్టె ఎరుపు, తెలుపు, పసుపు పిన్నుల వైరుతో టీవీకి కలిసి ఉన్నాయి. కంపెనీ పెట్టెను కూడా పసుపు పిన్నుకే తగిలించాం. ఇప్పుడు రెండు బొమ్మల్లో ఏది ఏదో చెప్పమంటే కూర్చున్నవాళ్ళు చెప్పలేకపోయారు. వొత్తులు రెండింట్లోనూ పోయాయి.

పసుపు పిన్నులో వెలుగూ రంగూ ఒకే తీగలో కలగలిసి పోతాయి. టీవీ వాటిని మళ్ళీ విడదీసుకునేటప్పుడు సన్నని గీతలు చెదిరి, అంచుల్లో రంగులు పాకుతాయి. పాత డబ్బా టీవీలో ఇది అంతగా తెలియదు. పెద్ద ఎల్ఈడీ తెర మీద తెలుస్తుంది. చవక పెట్టెల్లో ఆ పిన్నులే ఉంటాయి. హెచ్‌డీఎంఐ ఉన్న ఫ్రీ డిష్ పెట్టెలూ బజారులో ఉన్నాయి, కాస్త ధర ఎక్కువ, అంతే. వాటిని పెట్టి చూస్తే అదే ఉచిత చానల్‌లో అక్షరం తేటపడింది.

అట్లని రెండూ సమానమని చెప్పడం లేదు. కంపెనీల దగ్గర అసలు హెచ్‌డీ చానళ్ళు ఉన్నాయి. ఫ్రీ డిష్‌లో ఎక్కువ భాగం ఎస్‌డీయే, అందులోనూ చాలావాటిని ఎంపెగ్-2 అనే పాత పద్ధతిలో కుదించి పంపుతారు. కంపెనీలు వాడే ఎంపెగ్-4 అదే బొమ్మను దాదాపు సగం జాగాలో సర్దగలదు. ఉపగ్రహంలో జాగా కొలత ప్రకారం ఉంటుంది. నారాయణపురం ఆటోలో ఏడుగురి జాగాలో పద్నాలుగు మంది ఎక్కినట్టు, ఆ కొలతలోకి ఎన్ని చానళ్ళు ఎక్కిస్తే ఒక్కోదానికి అంత ఇరుకు. ఆ ఇరుకు కబడ్డీ ఆటలోనో, డాన్సులోనో తెలుస్తుంది. మనుషులు కదిలినప్పుడు బొమ్మ చతురస్రాలుగా పగులుతుంది. కదలని స్లైడుకు ఆ దెబ్బ తక్కువ. పాఠానికి పెద్ద దెబ్బ తగిలింది ఆకాశంలో కాదు, పెట్టెకూ టీవీకీ నడుమ ఉన్న మూడడుగుల వైరులో.

మిద్దె ఎక్కి తిప్పే పాత విద్య మాత్రం ఇప్పుడు పనికిరాదు. డిష్ కదిపితే బొమ్మ తేట అవుతుందని ఇంకా చాలామంది అనుకుంటారు. డిజిటల్ బొమ్మకు ఆ గుణం లేదు. సిగ్నల్ సరిపడా ఉంటే బొమ్మ పూర్తిగా వస్తుంది, ఒక హద్దు కిందికి జారితే పగిలి ఆగిపోతుంది. పెట్టె మెనూలో ‘క్వాలిటీ’ అనే గీత ఉంటుంది. అది నిండుగా ఉన్నా మసక ఉంటే తప్పు డిష్‌ది కాదు. కోతులు డిష్ మీద కూర్చుని ఊగినప్పుడు మాత్రం పైకి పోక తప్పదు. టీవీ రిమోట్‌లో బొమ్మ సైజు ‘జూమ్’ మీద ఉంటే పైనా కిందా కోసుకుపోతుంది, అంటే స్లైడు చివరి లైను మొత్తం. మూడు ఇళ్ళలో ఈ ఒక్కటి సరిచేస్తే ఆఖరి లెక్క కనబడింది.

వాన గురించి అందరికీ తెలిసిందే. గట్టి మబ్బు పట్టిందంటే ఉచితమూ ఆగుతుంది, పైసల డిషూ ఆగుతుంది. ఆ తరంగాలను వాన నీళ్ళు మింగుతాయి, బిల్లు చూడవు. పైసల డిష్ ఇంకోలా కూడా ఆగుతుంది. పత్తి తీతలకు ముందు నెలల్లో చేతిలో రూపాయి ఆడదు. 2019 ఫిబ్రవరిలో ట్రాయ్ కొత్త ధరలు వచ్చాక, వంద చానళ్ళ మూల రుసుమే అప్పట్లో పన్నుతో 153 రూపాయల 40 పైసలు ఉండేది, కావాల్సిన తెలుగు చానళ్ళు అదనం. 2020లో ఆ పైసలు కట్టలేక మా పక్క ఇంట్లో భిన్నాల పాఠం నడుమనే తెర నల్లబడింది. ఆ పిల్లలు పుస్తకాలు పట్టుకుని ఫ్రీ డిష్ ఇంటికే వచ్చారు.

ఉచితం అంటే మసక అనేది ప్రకృతి నియమం ఏమీ కాదు. అమెరికాలో 2009 జూన్ 12న పెద్ద స్టేషన్లన్నీ డిజిటల్‌కు మారాక, అక్కడ చిన్న యాంటెనా పెట్టుకున్న ఇంటికి స్థానిక చానళ్ళు ఉచితంగా హెచ్‌డీలో వస్తాయి. వాటినే కేబుల్ కంపెనీ మళ్ళీ కుదించి ఇస్తే, పైసలు కట్టిన బొమ్మే కాస్త పలచబడిన సందర్భాలూ ఉన్నాయి. ఎవరికి ఎంత జాగా ఇవ్వాలనేది మనుషులు కూర్చుని తీసుకునే నిర్ణయం. ఫ్రీ డిష్‌లో ప్రైవేటు చానళ్ళకు జాగాను వేలంలో అమ్ముతారు. పాఠాల చానళ్ళు ఆ వేలంలో పాడుకోవు కాబట్టి, వాటికి ఎంత జాగా అన్నది అడిగితేనే తేలుతుంది. అడిగేవాళ్ళలో మేమూ ఉండాలి. డీడీ యాదగిరికి ఆ పేరు మా జిల్లాలోని గుట్ట నుంచే వచ్చింది, ఆ చొరవతో చెబుతున్నాం.

పాఠాలు తయారు చేసే సార్లను, టీచరమ్మలను అడిగేది ఇంకా చిన్నది. స్లైడులో పది లైన్లు వద్దు, ఐదు చాలు. అక్షరం లావుగా, నల్లగా. కొత్త మాట వచ్చినప్పుడు నోటితో విడదీసి, ఏ వొత్తో చెప్పండి. హెచ్‌డీ వచ్చేదాకా ఆగాల్సిన పని కాదిది.

ఇప్పుడు బడిలో గోడకు ఒక టీవీ ఉంది. దానికీ పసుపు పిన్నే ఉండేది. మేం చందాలు వేసుకుని హెచ్‌డీఎంఐ ఉన్న ఫ్రీ డిష్ పెట్టె, వైరు తెచ్చి తగిలించాం. సరిచూడ్డానికి ఎనిమిదో తరగతి అమ్మాయిని చివరి బెంచీలో కూర్చోబెట్టి తెర మీద ఉన్నది చదవమన్నాం. “నిష్పత్తి” అని చదివింది, రెండు వొత్తులూ పలికింది. చదివి, “అంటే ఏంది సార్?” అని అడిగింది.