ఫోను బరువు

శనివారం రాత్రి మనవాళ్లింట్లో పార్టీ అంటే మగాళ్లంతా బేస్‌మెంట్లో చేరతారు. ఆడవాళ్లు పైన వంటింటి దగ్గర, పిల్లలు ఐప్యాడ్లతో మెట్ల మీద. మా ఆక్రన్‌లో ఎవరింటికెళ్లినా ఇదే ఏర్పాటు. పదేళ్లపాటు ఆ బేస్‌మెంట్లో నేను పెద్ద మాటకారిని. రెండు పెగ్గులు పడితే సినిమాలు, రాజకీయాలు, వీసా బాధలు, దేని మీదైనా జోకులే. మూడోది పడితే పాట కూడా. "నువ్వు లేకపోతే కళ ఉండదన్నా" అనేవాళ్లు. ఆ కళ సీసాదని మానేశాక తెలిసింది.

అసలు నేను నోరు విప్పే మనిషిని కాదు. బళ్లో హాజరు పిలిస్తే "ప్రెజెంట్ సార్" అనడానికే గొంతు తడారిపోయేది. అందుకే మందుతోపాటు నా నోరూ పోయింది. మానేశాక వెళ్లిన మొదటి పార్టీలో కోక్ డబ్బా పట్టుకుని గంటన్నర గోడకానుకుని నిలబడ్డాను. "ఒంట్లో బాలేదా అన్నా?" "డాక్టరు వద్దన్నాడా?" "ఒక్కటేగా, ఏం కాదులే." ముగ్గురికి అబద్ధం చెప్పాను. నాలుగోవాడికి చెప్పే ఓపిక లేక కారెక్కాను. తర్వాత పిలుపులు తగ్గాయి. వాళ్లను తప్పు పట్టను. తాగనివాడి ఎదుట తాగడం ఎవరికైనా ఇబ్బందే.

మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డప్పుడు నాకు పన్నెండేళ్లు. మా నాయనమ్మ కూడా చీపురు పట్టుకుని మా ఊరి సారా కొట్టు ముందు బైఠాయించింది. మరుసటి ఏడు అక్టోబరులో ప్రభుత్వం సారాను నిషేధించింది. మందు మానడమంటే ఊరంతా కలిసి చేసే గోల అని అప్పటినుంచీ నా మనసులో ఉండిపోయింది. ఇక్కడ గోల లేదు. నవంబరులో గడియారం గంట వెనక్కి తిప్పగానే ఐదింటికల్లా చీకటి. ఫ్రిజ్ చప్పుడూ, నేనూ.

ఉద్యోగం కోసం వచ్చిన ఈ ఆక్రన్‌లోనే, తాగుడు మానాలనుకునేవాళ్ల సంస్థ ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టిందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. 1935 మే నెల. బిల్ విల్సన్ అనే న్యూయార్క్ స్టాక్ బ్రోకరు పనిమీద వచ్చాడు. పని బెడిసికొట్టింది. మందు మానేసి ఐదు నెలలైంది. మేఫ్లవర్ హోటల్ లాబీలో ఒంటరిగా నిలబడితే ఒకపక్క బారు, అందులోంచి నవ్వులు, ఇంకోపక్క చర్చిల పట్టిక, టెలిఫోను. అతను ఫోనే ఎత్తాడు. ఒకరు కాకపోతే ఒకరికి చేస్తూ పోతే, చివరికి ఒకావిడ తాగుడు మానలేకపోతున్న సర్జన్ బాబ్ స్మిత్‌తో కలుపుతానంది. మర్నాడు పావుగంటకు మించి కూర్చోనంటూ వచ్చిన డాక్టరు ఆరు గంటలు కూర్చున్నాడు. ఆయన ఆఖరుసారి తాగింది జూన్ 10న. సంస్థ పుట్టినరోజు అదే.

ఈ కథ విని అందరికీ ధైర్యం వస్తుందట. నాకు భయమేసింది. ముక్కూమొహం తెలీనివాళ్లకు వరసగా ఫోన్లా! మా పిన్నికి చెయ్యాలన్నా ముందు ఏం మాట్లాడాలో కాగితం మీద రాసుకునే రకాన్ని. గ్లాసు నాకెప్పుడూ బరువనిపించలేదు. ఫోనే బరువు.

అయినా వెళ్లాను. ఆ సంస్థ మీటింగులు చర్చి బేస్‌మెంట్లో (మళ్లీ బేస్‌మెంటే). కాఫీ ఘోరం. కానీ వంతు వచ్చినప్పుడు "పాస్" అనొచ్చు, ఎందుకని ఎవరూ అడగరు. నేను ముందే వెళ్లి కుర్చీలు వేసేవాణ్ణి. చేతికి పనుంటే నోటికి సెలవు. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింటితో జాగ్రత్త అంటారక్కడ. ఆకలికి పెరుగన్నం ఉంది, అలసటకు నిద్ర. కోపం నాకు తక్కువే. మూడోదానికి ఇంట్లో మందు లేదు.

టైర్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన నా స్పాన్సరు, అంటే నాకంటే ముందే మానేసి నాకు తోడుండే మనిషి. రోజూ ఫోన్ చెయ్యమన్నాడు. మాటలు రావన్నాను.

"మాట్లాడమన్నానా? చెయ్యమన్నాను."

చేశాను. బాగున్నావా, బాగున్నాను, అయిపోయింది. ఆయన పెట్టెయ్యలేదు. అవతల టీవీలో బేస్‌బాల్ వస్తోంది. క్లీవ్‌లాండ్ జట్టు పేరు మారి ఏళ్లయినా ఆయనకది ఇంకా ఇండియన్సే. మొదట్లో ఆ మౌనానికి నాకు చెమటలు పట్టేవి. ఇప్పుడు ఫోను స్పీకర్లో పెట్టి అంట్లు తోముకుంటాను.

పోయిన శనివారం నలభై నిమిషాలు. ఇద్దరం కలిసి పది మాటలు కూడా మాట్లాడి ఉండం. ఆట మధ్యలో ఆయన "ఉన్నావా?" అన్నాడు.

నాయనమ్మ కథలకు కొట్టినట్టే, "ఊఁ" అన్నాను.