నొప్పి మందుకు ఎన్ని సరిహద్దులు?



ఆకలికి రాష్ట్రం లేదు, నొప్పికీ రాష్ట్రం లేదు. కానీ మన దేశంలో చాలాకాలం నొప్పి తగ్గించే మందుకు మాత్రం రాష్ట్రం ఉండేది. ఆ మందు పేరు మార్ఫిన్. నల్లమందు నుంచి తీస్తారు. క్యాన్సర్ చివరి దశలో వచ్చే నొప్పికి దీన్ని మించిన మందులు అరుదు. మన సంచికలో ఏటా చదువుల గురించి, ఉద్యోగాల గురించి రాస్తుంటారు. ఎం.ఫార్మసీ చదువుతున్న మేము ఈసారి ఈ మందు గురించి, దాని చుట్టూ ఉన్న చట్టాల గురించి రాయాలనుకున్నాం. ఎందుకంటే ఇది పేదవాడి చివరి రోజులకు సంబంధించిన విషయం.

1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చింది. దాన్నే ఎన్.డి.పి.ఎస్. చట్టం అంటారు. వైద్యానికి వాడుకోవచ్చని ఆ చట్టంలోనే ఉంది. కానీ మందును ఎవరు ఉంచుకోవాలి, ఎలా తెప్పించుకోవాలి అనే నియమాలు రాసే అధికారం రాష్ట్రాలకిచ్చారు. ఒక్కో రాష్ట్రం ఒక్కో రకంగా రాసుకుంది. చాలాచోట్ల ఆసుపత్రిలో మార్ఫిన్ ఉంచడానికి ఒక లైసెన్సు, పక్క రాష్ట్రం నుంచి తేవడానికి ఒకటి, రవాణాకి ఒకటి, ఇలా నాలుగైదు కావాలి. ఒకదానికి ఒక శాఖ, ఇంకొకదానికి ఇంకో శాఖ. చివరిది చేతికొచ్చేసరికి మొదటిదానికి గడువు తీరిపోయేది. పొరపాటు జరిగితే జైలు తప్పదన్న భయం వేరే. ఈ గొడవ మాకెందుకని ఆసుపత్రులు, మందుల షాపులు మార్ఫిన్ ఉంచడమే మానేశాయి. ఏటా వందల కిలోలు వాడిన దేశంలో 1997 నాటికి వాడకం 18 కిలోలకు పడిపోయింది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ అనుమతితో నల్లమందు పండించి విదేశాలకు ఎగుమతి చేసే దేశం మనది! ఇంట్లో నెయ్యి ఉంచుకుని ఎండు మెతుకులు తిన్నట్టయింది.

1998లో నియమాలు సులువు చేయమని కేంద్రం రాష్ట్రాలను కోరింది. ముందుగా కదిలిన వాటిలో కేరళ ఒకటి. అక్కడ కోజికోడ్‌లో 1993లో మొదలైన నొప్పి నివారణ సేవ ఊరూరికీ పాకింది. చాలా రాష్ట్రాలు మాత్రం ఫైలు పక్కన పెట్టాయి. జబ్బు ఒకటే, బాధ ఒకటే. కేరళలో పుట్టినవాడికి బిళ్ళ దొరికే అవకాశం ఉండేది, ఇంకోచోట పుట్టినవాడికి ఉండేది కాదు. చివరికి 2014లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. మార్ఫిన్‌తో సహా ఆరు మందులను అత్యవసర మాదక ఔషధాలుగా గుర్తించి, దేశమంతటికీ ఒకే నియమాలు తెచ్చారు. గుర్తింపు పొందిన వైద్య సంస్థకు అన్ని లైసెన్సుల అవసరం లేదు.

అమెరికాలో పనిచేసే మన తెలుగు డాక్టర్లకు ఇది తలకిందులుగా కనిపిస్తుంది. అక్కడ ఇలాంటి మందులు విచ్చలవిడిగా రాయడం వల్ల లక్షలమంది ప్రాణాలు పోయాయి. అందుకని రాష్ట్రాలు ఒక్కొక్కటిగా హద్దులు పెట్టాయి. మొదటిసారి రాసే మందు ఏడు రోజులకు మించకూడదని మసాచుసెట్స్ 2016లో, అయిదు రోజులని న్యూజెర్సీ 2017లో, సాధారణంగా మూడు రోజులని ఫ్లోరిడా 2018లో చట్టం చేశాయి. అంత భయంలోనూ ఆ రాష్ట్రాలు క్యాన్సర్ రోగులకు ఈ హద్దు నుంచి మినహాయింపు ఇచ్చాయి. మేము గమనించవలసింది అదే.

ఇక మా ఇంటి సంగతి. మాది శ్రీకాకుళం జిల్లా. మా మామ్మ ఆ ప్రాంతపు చాలామంది ఆడవాళ్లలాగే అడ్డపొగ తాగేది. చుట్ట నిప్పు నోటి లోపలికి పెట్టుకుని తాగడమన్నమాట. 2018లో, మేము ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా, ఆమె అంగిట్లో పుండు క్యాన్సర్ అని తేలింది. చట్టం మారి అప్పటికి నాలుగేళ్లు. అయినా దగ్గరలోని ఆసుపత్రిలో మామూలు నొప్పి బిళ్ళలే ఇచ్చి, "ఇంతకు మించి ఏమీ లేదమ్మా" అన్నారు. "జబ్బు తగ్గకపోయినా పర్లేదురా బాబూ, ఈ సలుపు తగ్గితే చాలు" అని మామ్మ రాత్రంతా గోడకి ఆనుకుని కూర్చునేది.

రెండు నెలల తర్వాత విశాఖలో ఒకచోట మార్ఫిన్ ఇస్తారని ఎవరో చెప్పారు. నాలుగు గంటలకోసారి ఒక చిన్న బిళ్ళ. మూడో రోజుకి మామ్మ పడుకుని నిద్రపోయింది. చోడంబలి అడిగి తాగింది. పదిహేను రోజులకోసారి నాన్న కూలి మానుకుని పలాసలో రైలెక్కి ఆ బిళ్ళలు తెచ్చేవాడు. ఆమె ఆఖరి మూడు నెలలు మాతో మాట్లాడుతూ గడిపింది.

ఆ మందు చవకైనదే. చట్టమూ అప్పటికే మారింది. లేనిదల్లా చెప్పేవాళ్లు, అడిగేవాళ్లు. మా ఇంట్లో డిగ్రీ చదివినది మేమే మొదలు. డాక్టరు చీటీ చదవగలిగేదీ మేమే. ఈ హాస్టల్లో చాలామంది ఇళ్లలో పరిస్థితి ఇదే. కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ ఇంట్లో, వాడలో ఎవరైనా క్యాన్సర్ నొప్పితో బాధపడుతుంటే, మన జిల్లాలో మార్ఫిన్ ఇచ్చే గుర్తింపు పొందిన సంస్థ ఏదని ఆసుపత్రిలో అడగండి. డాక్టరు చెప్పిన కొలత దాటకుండా వాడించండి. అలవాటైపోతుందన్న భయంతో చివరి దశలోని మనిషిని నొప్పికి వదిలేయకండి. ఫార్మసీ, నర్సింగు, మెడిసిన్, లా చదివే మిత్రులు ఈ నియమాలను ఒకసారి చదవండి. ఢిల్లీలో రాసిన చట్టం మన వాడ దాకా దానంతటది నడిచిరాదు. చదువుకున్న మనమే దాన్ని చేయిపట్టుకుని తీసుకురావాలి.