నాలుగు స్క్రూలు



రెండు వారాలుగా ఏమీ రాయలేదేమని కొందరు ఫోన్ చేసి అడిగారు. దేవుని దయ వల్ల ఆరోగ్యం బాగానే ఉంది. ఒక గిటారు సంగతి మనసులో పడి కూర్చుంది. అది తేలేదాకా వేరేది రాయబుద్ధి కాలేదు. అందుకని ఈ వారం ఆ గిటారు గురించే. వాక్యధ్యానం కోసం వచ్చినవాళ్ళు కాస్త ఓర్చుకోండి.

మా అక్క కొడుకు అమెరికాలో డల్లాస్ దగ్గర ఉంటాడు. జనవరిలో ఒక రాత్రి వీడియో కాల్ చేసి, "మామయ్యా, నీకొకటి చూపిస్తా" అంటూ మంచం కింద నుంచి పొడుగాటి పెట్టె ఒకటి బయటికి లాగాడు. మెల్లగా మూత తీశాడు. లోపల ఎండుగడ్డి రంగు గిటారు. చెక్క గీతలు కనబడేంత పల్చటి పాలిష్, మీద నల్లటి పలక. తల భాగం దగ్గరికి ఫోన్ పెట్టి పేరు చదివించాడు. ఫెండర్ బ్రాడ్‌కాస్టర్.

"1950లో వచ్చిన మోడల్ మామయ్యా. 70 ఏళ్ళయిందని 2020లో కంపెనీ వాళ్ళు మళ్ళీ అచ్చం అలాగే చేశారు. లిమిటెడ్ ఎడిషన్. రెండు వేల డాలర్లు."

అప్పటి రేటులో లక్షన్నర రూపాయలు. మా మందిరం పైకప్పు రేకులు మార్చడానికి మేము మూడేళ్ళు కూడబెట్టిన డబ్బు దాదాపు అంతే. ఆ లెక్క నా మనసులోకి వచ్చిందని దాచను.

"ఏదీ, వాయించు" అన్నాను.

"అమ్మో, కొన్నప్పటి తీగలు కూడా మార్చలేదు. ఫ్రెట్ మీద గీత పడితే రేటు పడిపోద్ది. ఇది వాయించడానికి కొన్నది కాదు మామయ్యా." అంటూనే నా మాట కాదనలేక బొటనవేలితో ఒక్కసారి తీగల మీద రాశాడు. కరెంటు పెట్టలేదు కదా, ఫోన్లో రేకు డబ్బా చప్పుడులా వినబడింది. వెంటనే మూత వేసేశాడు.

నాకు కోపం వచ్చింది. తలాంతును గొయ్యి తవ్వి దాచిపెట్టిన దాసుడి గురించి అక్కడికక్కడే ఐదు నిమిషాలు ప్రసంగం చేశాను. పాపం, ఓపిగ్గా విన్నాడు. తర్వాత నవ్వుతూ, "సరే గానీ, మీ చర్చి గిటారు ఎలా ఉంది?" అని అడిగాడు. "బాగానే ఉంది" అని చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఆ మాట నిజం కాదు. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఆ రాత్రి నిద్ర పట్టక ఆ గిటారు పుట్టుపూర్వోత్తరాలు ఫోన్లో చదువుతూ కూర్చున్నాను. మా ఆవిడ మధ్యలో లేచి, "ఆదివారం వాక్యానికా?" అని అడిగింది. ఊ అన్నాను. అది రెండో అబద్ధం.

ఆ గిటారు చేసిన లియో ఫెండర్ 1909లో కాలిఫోర్నియాలో పుట్టాడు. నారింజ తోటల రైతు బిడ్డ. చిన్నతనంలోనే ఒక కన్ను పోయింది. చదివింది అకౌంట్స్. లెక్కలు రాసే ఉద్యోగం పోయాక, 1938లో ఫుల్లర్టన్ అనే ఊళ్ళో రేడియోలు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు. చుట్టుపక్కల పాటగాళ్ళు తమ ఆంప్లిఫైయర్లు, మైకు సెట్లు చెడిపోతే ఆయన దగ్గరికి తెచ్చేవాళ్ళు. అలా సంగీతంలోకి వచ్చిన మనిషి. గిటారు వాయించడం ఆయనకి రాదు, చివరిదాకా నేర్చుకోనూ లేదు. తాను చేసింది వాయించేవాళ్ళ చేతికిచ్చి, వాళ్ళు ఏం బాగాలేదంటారో విని, మళ్ళీ బల్ల దగ్గర కూర్చునేవాడు.

అప్పటి గిటార్లకి ఒక జబ్బు ఉండేది. పొట్ట బోలుగా ఉంటుంది కాబట్టి కరెంటు పెట్టి సౌండు పెంచితే కూత వచ్చేది. మన సభల్లో మైకు పట్టుకుని బాక్సు దగ్గరికి వెళ్తే కీచుమంటుందే, అదే కూత. డ్రమ్ముల మధ్య గిటారు వినబడాలంటే సౌండు పెంచాలి, పెంచితే కూత. లియో బోలు పొట్ట తీసేసి గట్టి చెక్క పలకనే గిటారు చేశాడు. ఈ ఆలోచన అంతకు ముందే కొందరికి వచ్చింది, ఒకటీ అరా చేశారు కూడా. ఈయన మాత్రం దాన్ని ఫ్యాక్టరీలో వరసగా చేసి మామూలు పాటగాడు కొనుక్కునేలా అమ్మకానికి పెట్టాడు. 1950లో ఒక పికప్‌తో ఎస్క్వైర్, ఆ ఏడాది చివర్లో రెండు పికప్‌లతో బ్రాడ్‌కాస్టర్. ధర 170 డాలర్ల దాకా. పోటీ కంపెనీల వాళ్ళు పడవ తెడ్డు అని, మంచు ఎత్తే పార అని వెక్కిరించారు.

పేరు కూడా నిలవలేదు. గ్రెచ్ అనే కంపెనీకి అదే పలుకుతో డ్రమ్ములున్నాయి. 1951 మొదట్లో వాళ్ళు అభ్యంతరం చెప్పేసరికి, అచ్చయి ఉన్న పేరు స్టిక్కర్లు పారేయడం ఎందుకని, బ్రాడ్‌కాస్టర్ అన్న మాట కత్తిరించేసి ఫెండర్ అన్నంత వరకే అంటించి కొన్నాళ్ళు అమ్మారు. ఆ పేరులేని గిటార్లు ఈ రోజు దొరికితే పదుల వేల డాలర్లు పెట్టి కొంటారట. తర్వాత టెలికాస్టర్ అని పేరు పెట్టారు. అప్పుడే ఇళ్ళల్లోకి టెలివిజన్ వస్తున్న రోజులు. ఆ పేరు ఇప్పటికీ ఉంది.

ఇదంతా చదువుతుంటే సరదాగానే ఉంది. ఒక్క విషయం దగ్గర మాత్రం ఆగిపోయాను. మంచి గిటార్లకి నెక్‌ను బాడీలో జిగురుతో అతికిస్తారు. అది వంగిపోతే పెద్ద పనివాడే విప్పాలి. లియో రేడియో మెకానిక్ కదా. వెనకాల చిన్న ఇనప బిళ్ళ పెట్టి, నాలుగు స్క్రూలతో నెక్‌ను బిగించేశాడు. వంగిందా, స్క్రూడ్రైవర్ తెచ్చుకుని విప్పు, ఇంకోటి బిగించుకో. అంటే ఆ గిటారు విప్పడానికే పుట్టింది.

తెల్లవారి నాలుగున్నరకి టార్చి లైటు పట్టుకుని మందిరంలోకి వెళ్ళి బీరువా తెరిచాను.

మా సంఘానికి ఒక ఎలక్ట్రిక్ గిటారు ఉంది. 2011లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. మా తల్లులు అన్నం వండేముందు పక్కన తీసిపెట్టే పిడికెడు బియ్యం ఏడాది పాటు అమ్మగా వచ్చిన డబ్బుతో కొన్నది. వాళ్ళలో సగం మంది విధవరాండ్రు. అందుకే దాని మీద దుమ్ము పడినా నాకు ప్రాణం ఒప్పేది కాదు. గుడ్డ సంచి కుట్టించాను. ఇంకెవరూ ముట్టకుండా బీరువాలో పెట్టి తాళం నా దగ్గర ఉంచుకున్నాను. ఆరాధనలో నేనే వాయించేవాణ్ణి, నాకు వచ్చిన నాలుగు కార్డులతో.

యౌవనస్థుల్లో ఒక కుర్రాడు ఉండేవాడు. వయసు పద్నాలుగు. వాళ్ళ నాన్న చేపల చెరువుల మీద కాపలా పని చేసేవాడు. పిల్లవాడికి పాట కంటే పెట్టె మీద ఆసక్తి. మైకు సెట్లో ఏ వైరు ఎందుకుందో అడిగేవాడు. ఒక శనివారం పాటల ప్రాక్టీసుకి నేను ఆలస్యంగా వెళ్ళాను. గిటారు ముందే బయట పెట్టి ఉంచానేమో, నేను వెళ్ళేసరికి చాప మీద అది రెండు ముక్కలుగా ఉంది. బాడీ ఒక పక్క, నెక్ ఒక పక్క. తీగలు వేలాడుతున్నాయి. నాలుగు స్క్రూలు కానుకల పళ్ళెంలో జాగ్రత్తగా పెట్టాడు. చేతిలో టెస్టర్.

"లోపల ఎలా ఉంటుందో చూద్దామని అయ్యగారూ. మళ్ళీ బిగించేస్తాను."

అప్పుడు అందరి ముందు నేనన్న మాట ఈ రోజుకీ నాకు గుర్తుంది. "మీ నాన్న ఏడాది కష్టపడినా ఇది కొనగలడా?" అన్నాను.

ఏడవలేదు. టెస్టర్ కింద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ప్రాక్టీసుకి రాలేదు. కొన్నాళ్ళకి ఆదివారం రావడం కూడా మానేశాడు. ఎవరైనా అడిగితే లోకం వైపు వెళ్ళిపోయాడని చెప్పాను. దేవుడు నన్ను క్షమించాలి.

గిటారు నేనే బిగించాను. కోపంలో చేసే పని ఎలా ఉంటుందో మీకు తెలుసు. నాలుగో స్క్రూని మరీ బలంగా తిప్పాను, బెజ్జం లోపల చెక్క పొట్టు రాలిపోయింది. ఆ స్క్రూ ఇక పట్టుకోలేదు. అప్పటి నుంచి శ్రుతి నిలబడేది కాదు. ఆ కుర్రాడు పాడు చేశాడనే సంఘంలో అందరూ అనుకున్నారు. కాదని నేనెప్పుడూ చెప్పలేదు. కరోనా తర్వాత ప్యాడ్లు, కీబోర్డే అన్నీ చూసుకుంటున్నాయి. గిటారు బీరువాలోనే ఉండిపోయింది.

ఆ వేకువన టార్చి వెలుగులో దాన్ని వెనక్కి తిప్పి చూశాను. చిన్న ఇనప బిళ్ళ, నాలుగు స్క్రూలు. ఎక్కడి ఫుల్లర్టన్, ఎక్కడి మా చెరువుల ఊరు! ఇన్నేళ్ళూ చూస్తూనే ఉన్నాను, ఆ ఏర్పాటు ఎందుకోసమో ఒక్కసారీ ఆలోచించలేదు. ఆ పిల్లవాడికి మాత్రం చూడగానే తెలిసింది. తీగలకి తుప్పు పట్టింది. నెక్ విల్లులా వంగింది.

మా మేనల్లుణ్ణి ఇక ఏమనగలను? వాళ్ళింట్లో మా అక్క పెళ్ళి చీర కూడా ఒకప్పుడు తాకట్టులో ఉండేది. అలాంటి ఇంట్లో పెరిగినవాడు జీవితంలో ఒక్క వస్తువైనా గీత పడకుండా ఉంచుకోవాలనుకోవడం అర్థం కాని సంగతేం కాదు. పైగా ఆ గిటారుకి వాడే యాష్ చెక్క కూడా కరువవుతోందట. మిసిసిప్పి నది దిగువన వరదలు ఎక్కువై చెట్లు కొట్టడం కష్టమైందని, ఇంకోపక్క చెట్లను తొలిచే పురుగు పట్టిందని, మామూలు మోడళ్ళకి ఆ చెక్క తగ్గించేస్తామని అదే 2020లో కంపెనీ చెప్పింది. దొరకని వస్తువు దాచుకోవాలనే అనిపిస్తుంది.

అయినా నాకొకటి వింతగా తోచింది. ఆ 1950 గిటారుని పాత రూపంలో ఉన్నదున్నట్టు మళ్ళీ చేసి పండుగ చేస్తున్నారు గానీ, చేసినాయన దాన్ని ఉన్నదున్నట్టు ఉంచనే లేదు. మొదటి ఎస్క్వైర్లలో నెక్ లోపల ఇనప కడ్డీ లేదు. అవి వంగాయని ఫిర్యాదులొస్తే కడ్డీ పెట్టాడు. తీగలు ఆనే ఇత్తడి ముక్కలు మూడే ఉండేవి, రెండేసి తీగలకి ఒకటి చొప్పున. దానివల్ల శ్రుతి ఎక్కడో ఒకచోట రాజీపడాలి. 1954లో స్ట్రాటోకాస్టర్ చేసేసరికి తీగకొక ముక్క పెట్టాడు. అంచులు పక్కటెముకల్లో గుచ్చుకుంటున్నాయంటే చెక్కని వంపుగా చెక్కించాడు. 1965లో కంపెనీని సీబీఎస్‌కి 13 మిలియన్ డాలర్లకి అమ్మేశాడు. తర్వాత కూడా వేరే పేర్లతో గిటార్లు చేస్తూ, 1991లో చనిపోయే ముందు రోజుల దాకా బల్ల దగ్గరే ఉన్నాడు, ఇంకా ఏదో బాగుచేస్తూ. పరిచర్యలో ఇరవై ఏళ్ళు దాటిన నాకు ఆ సంగతి కొంచెం గుచ్చుకుంది. నేను చెప్పే ప్రసంగాలు సెమినరీ నోట్సుల నుంచి ఎంత కదిలాయో నాకు తెలుసు.

ఆ కుర్రాడు ఇప్పుడు మండల కేంద్రంలో మోటార్ వైండింగ్ షాపులో పని చేస్తున్నాడు. చెరువుల్లో ఏరేటర్లకి వాడే మోటార్లు కాలిపోతే రాగి తీగ విప్పి మళ్ళీ చుడతాడు. ఆ షాపు ముందు నుంచి ఎన్నోసార్లు బండి మీద వెళ్ళాను. ఎప్పుడూ ఆపలేదు. సోమవారం గిటారు సంచి భుజాన వేసుకుని వెళ్ళాను.

నన్ను చూసి లేచి నిలబడ్డాడు. గడ్డం వచ్చింది. చేతులకి వార్నిష్.

"వందనాలు అయ్యగారూ. మోటారా?"

"కాదు బాబూ, ఇది."

సంచి విప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. దాన్ని బల్ల మీద పడుకోబెట్టి, వైరు పెట్టే చోట మీటరు పుల్లలు ఆనించి, స్విచ్ అటూ ఇటూ వేసి చూశాడు. ఒక పికప్ పలుకుతోంది, రెండోది తెగింది అన్నాడు. అయస్కాంతాల చుట్టూ వెంట్రుకంత సన్నటి రాగి తీగ వేల చుట్లు ఉంటుందని, తీగ మీటితే అందులో కరెంటు పుడుతుందని నాకు వివరంగా చెప్పాడు. అంతకు ముందు రాత్రి అదే చదివాను. తెలియనట్టే విన్నాను.

తర్వాత వెనక్కి తిప్పి స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకున్నాడు. తీసుకుని ఆగాడు. నా మొహం చూశాడు.

"విప్పనా?"

"విప్పు" అన్నాను.

మూడు స్క్రూలు గట్టిగా ఉన్నాయి. నాలుగోది వేలితోనే వచ్చేసింది. బెజ్జంలోకి టార్చి వేసి చూశాడు.

"ఇదెవరు పోగొట్టారు?"

షాపులో ఇంకా ఇద్దరున్నారు. ఒకతను మా సంఘస్థుల బంధువే.

"నేనే" అన్నాను. "నువ్వు వెళ్ళిపోయాక నేనే బిగించాను. నువ్వు సరిగ్గానే విప్పావు. ఆ రోజు మీ నాన్నని ఆ మాట అనకుండా ఉండాల్సింది."

తల ఎత్తలేదు. బెజ్జం అంచుని గోటితో తడుముతూ ఉన్నాడు. వీధిలో మేతల లారీ ఒకటి వెళ్ళేదాకా ఎవరూ మాట్లాడలేదు.

"నాన్న పోయి నాలుగేళ్ళయింది అయ్యగారూ" అన్నాడు.

నాకు తెలియదు. మా ఊరి నుంచి ఎనిమిది కిలోమీటర్లు.

ఆ తర్వాత అగ్గిపెట్టెలోంచి రెండు పుల్లలు తీసి, తలలు విరిచి, ఫెవికాల్‌లో ముంచి బెజ్జంలోకి దూర్చాడు. రేపటికి గట్టిపడుతుందన్నాడు. పికప్‌కి కావాల్సినంత సన్న తీగ తన దగ్గర లేదని, విజయవాడ నుంచి తెప్పించాలని చెప్పాడు. డబ్బులెంత అంటే తీగ వచ్చాక చూద్దామన్నాడు. ఆదివారం రమ్మని పిలుద్దామని నోటిదాకా వచ్చింది గానీ పిలవలేదు. గిటారు ఆ షాపులోనే బల్ల మీద రెండు ముక్కలుగా వదిలిపెట్టి వచ్చాను. స్క్రూలు మాత్రం నాలుగూ ఒక స్టీలు గ్లాసులో వేసి పైన గోడ అల్మారాలో పెట్టాడు.