ఏ పేజీ దగ్గర ఆగినావు?

నవల చదివినాక మనం రెండు రకాలుగా మాట్లాడతాం. రచయిత ఎదురైతే చెప్పేది ఒకటి, తోటి పాఠకుడితో టీ అంగడి ముందర నిలబడి చెప్పేది ఇంకొకటి. ఆ రెండో మాట కోసమే మేం కొంతమందిమి ప్రొద్దుటూరులో ఆదివారాలు కలుస్తుంటాం. జమ్మలమడుగు నుంచి ఒక రిటైర్డు తెలుగు మాస్టారు, పులివెందుల నుంచి ముద్దనూరు మీదుగా బస్సెక్కి వచ్చే చీనీ రైతు, ఊళ్లోనే బంగారు అంగట్లో లెక్కలు రాసే కుర్రాడు, ఒక హైస్కూలు టీచరమ్మ, నేను. ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు మధ్యలో పెట్టుకుని కూర్చుంటాం. "బాగుంది" అని ఎవరన్నా ఊరుకుంటే మాస్టారు ఒప్పుకోరు. "ఏ పేజీ దగ్గర ఆగినావు, ఎందుకు ఆగినావు, అది చెప్పు" అంటారు.

మొన్న సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం' గురించి మాట్లాడుకున్నాం. 2019లో తానా నవలల పోటీలో బహుమతి పొందిన పుస్తకం, మన జిల్లా రచయితది. కరువు పడి పల్లెలో గొర్రెలకు మేతా నీళ్లూ లేనప్పుడు మందలను నల్లమల మీదికి తోలుకుపోయే కాపరుల కథ. చదువుకుని ఉద్యోగం దొరకని కుర్రాడు తండ్రితో కలిసి ఆ మంద వెంట అడవికి పోతాడు.

మా రైతు తన ప్రతికి విత్తనాల కంపెనీ క్యాలెండరు కాగితంతో అట్ట వేసుకుని తెచ్చాడు. నచ్చిన చోట పెన్సిలు గీత, నచ్చని చోట పేజీ మూల మడత. మొదటి సగమంతా గీతలే, మడతలన్నీ చివర్లోనే. "అన్నా, అడివిలో నడిచినంత సేపూ నాకు ఊపిరాడలేదు. గొర్రె రోగాలూ, వాగుల్లో నీళ్ల జాడలూ, పులి తిరిగే తావులూ, అన్నీ కండ్లముందర పెట్టినాడు. పిల్లోనికి పెద్ద ఉద్యోగమొచ్చినాక మాత్రం మనసు ఇరిగిపాయ. ఆ ఉద్యోగం రాకపోయింటే వాడు నేర్చుకున్న ధైర్నం ధైర్నం కాకుండా పోతాదా?" అన్నాడు.

టీచరమ్మ వెంటనే అడ్డుపడింది. "మా బడిలో చదివి ఇంజనీరింగు ముగించుకుని ఇంట్లో కూర్చున్న పిల్లోళ్లను రోజూ చూస్తాండా అన్నా. వాళ్ల అమ్మానాయనలకు ఆ ఉద్యోగమే కావాల. కరువు సీమలో అంత ఆశ కూడా రాయగూడదంటే ఎట్లా?"

ఇద్దరి మాటా వినదగిందే. నేను మాత్రం రైతు పక్షమే. అడవిలో ఆ కుర్రాడు మారిన తీరును రచయిత ఎంతో ఓపికగా, అడుగడుగూ చూపించాడు. తర్వాత దానికి ఉద్యోగమనే రుజువు అవసరం లేదు. 2021లో వచ్చిన సినిమాలో నవలలో లేని ప్రేమకథ చేర్చారు. అది అనవసరమని చెప్పడంలో మాత్రం మాలో ఎవరికీ తేడా రాలేదు.

కేతు విశ్వనాథరెడ్డి 'వేర్లు' దగ్గరికి వచ్చేసరికి మాటలు తగ్గాయి. కథలకు 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చుకున్న పెద్దాయన, మన రంగశాయిపురం మనిషి, 2023లో పోయారు. ఆయన నవలను ఒక మాట అనాలంటే నోరు రావడం లేదు. చివరికి బంగారు అంగడి కుర్రాడే అన్నాడు: "రిజర్వేషన్ల మీద ఇంత ధైర్యంగా రాసినోళ్లు తక్కువ సార్. కానీ పాత్రలు వాదించుకుంటాంటే మనుషులు వెనక్కి పోయి వాదమే మిగిలింది నాకు." మాస్టారు కాసేపు ఆలోచించి, ఏ చర్చ దగ్గర అట్లా అనిపించిందో తీసి చదవమన్నారు. చదివాడు. కొంత ఒప్పుకున్నాం, కొంత కాదన్నాం.

మనోడు రాశాడు కదా అని మెచ్చుకోవడం మన జిల్లా సంప్రదాయం కాదు. విమర్శకుడు రాచమల్లు రామచంద్రారెడ్డి పుట్టింది పులివెందుల దాపులోని పైడిపాలెంలో, 1922లో. 1960ల చివర ఆయన నడిపిన 'సంవేదన' పత్రిక కొద్ది సంచికలే వచ్చినా, తెలుగు విమర్శలో ఇప్పటికీ దాని పేరు చెప్పుకుంటారు. దిగంబర కవుల జోరు మీద ఊరంతా ఊగుతున్న రోజుల్లో వాళ్లలో లోటు ఎక్కడుందో ఆయన రాసి చూపించాడు. మాస్కోలో అనువాదకుడిగా పనిచేసి వచ్చినాక రాసిన 'అనువాద సమస్యలు'లోనూ ఊరికే బాగాలేదనడు. వాక్యం తీసుకుని అది తెలుగులో ఎందుకు పొసగలేదో విప్పి చెబుతాడు. 1988లో ఆ పుస్తకానికే సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆ ఏడే ఆయన కన్నుమూశారు. కటువుగా మాట్లాడతాడని చాలామంది అనేవారు. నా మటుకు నాకు, ఎదుటివాడి పుస్తకాన్ని అంత శ్రద్ధగా చదివినవాడికి ఆ కటువుతనం హక్కే.

అనువాద నవల చదివినా మాది ఇదే పద్ధతి. ప్రొద్దుటూరు డాక్టరు, ఒకప్పటి శాసనసభ్యుడు ఎం.వి. రమణారెడ్డి 'గాన్ విత్ ద విండ్'ను 'చివరకు మిగిలింది' పేరుతో తెలుగు చేశారు. మార్గరెట్ మిచెల్ రాయగా 1936లో అచ్చయిన ఆ లావు పుస్తకాన్ని పూర్తిచేసిన రోజు టీచరమ్మ మొహం చూడాలి. భూమి కోసం కథానాయిక స్కార్లెట్ పట్టే పంతం ఆమెకు మన సేద్యగాళ్ల ఇళ్లలో చూసినట్టే ఉందట. "కానీ బానిసలు దొరలను అంతగా ప్రేమించినట్టు రాసిందే, అది నేను నమ్మను" అంది. ఆ మాట అనకుండా ఆ నవలను మెచ్చుకుంటే సగమే చదివినట్టు. అనువాదం చేసినాయన శ్రమ మీద గౌరవం వేరు, మూలంలోని చూపు మీద అభ్యంతరం వేరు. రెండూ ఒకే నోటితో చెప్పవచ్చు.

మీ ఊళ్లోనూ నవలలు చదివేవాళ్లు నలుగురు ఉండే ఉంటారు. ఈ నెల ఒక పుస్తకం అనుకుని కూర్చోండి. ముందు మన సీమ రచయితలతో మొదలుపెట్టండి, మొహమాటం వదలాల్సింది అక్కడే. నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి. వచ్చేటప్పుడు మాత్రం పుస్తకం చేతిలో ఉండాలి, ఆగిన పేజీ గుర్తుండాలి.