స్వయంపాకం

సొంతంగా ఏదైనా చేసుకున్నవాడికి లోకమంటే కాస్త చులకన. నాకూ అంతే. మా ఆవిడ పెట్టిన ఆవకాయ తప్ప బజారు ఆవకాయ ముట్టను. ఆఫీసు సర్వర్లో కూడా నేను వండిన కెర్నెల్ తప్ప మరొకటి నడవనివ్వలేదు.

కెర్నెల్ అంటే ఏమిటంటారా? ఇంగ్లీషులో గింజ లోపలి పప్పుని అలా అంటారు. కంప్యూటర్లోనూ అదే వరస. పైన కనబడే ప్రోగ్రాములన్నీ పెంకు. డిస్కులనీ మెమరీనీ అదిలించి పని చేయించేది లోపలి పప్పు. మా సర్వర్లో వేసింది సెంటాస్ 6. దానితో వచ్చే కెర్నెల్ 2.6.32. 2014లో కొత్త డిస్కు కార్డు కొంటే, ఆ పాత కెర్నెల్ దాని మొహం గుర్తుపట్టనేలేదు. నేను ఊరుకుంటానా? 3.10 సోర్సు దించి, అక్కర్లేనివి ఏరేసి, రాత్రంతా కూర్చుని కంపైల్ చేశాను. తెల్లారేసరికి డిస్కులన్నీ బుద్ధిగా పలికాయి. ఆ వేళ నేను కాఫీ తాగుతున్న తీరు చూసి మా ఆవిడ, "ఏమండీ, ప్రమోషనా?" అంది.

ప్రమోషన్ రాలేదు గాని, మర్నాటినించీ ఒక ఉత్తరం రావడం మొదలెట్టింది. భద్రత చూసే ప్రోగ్రాము రోజూ పొద్దున్న ఆరింటికి రాస్తుంది: "మీ కెర్నెల్ మాకు తెలిసినవాటిలో లేదు. తాజాదో కాదో చెప్పలేం." మొదట్లో "నాకు తెలుసులేవోయ్" అని జవాబు చెప్పుకునేవాణ్ణి. తరవాత విసుగేసింది. నెల తిరక్కుండా ఆ ఉత్తరాలన్నీ వేరే పెట్టెలో పడేట్టు ఏర్పాటు చేసి మూత వేశాను. రోజూ ఒకే మాట చెప్పేవాళ్ల మాట వినకపోవడం సంసారులకి అలవాటైన విద్యే గదా!

రెండేళ్లు సుఖంగా గడిచాయి. 2016 అక్టోబరులో "డర్టీ కౌ" బయటపడింది. పేరులో ఆవు ఉన్నా సాధుజంతువు కాదు. చదవడానికే తప్ప రాయడానికి అనుమతి లేని ఫైల్లో మామూలు యూజరు కూడా రాసేసి, యజమాని పీట మీద కూర్చోవచ్చు. 2007లో వచ్చిన 2.6.22 నించీ ఉన్న లోపం అది. లినస్ టోర్వాల్డ్స్ అంతటివాడు, పదకొండేళ్ల కిందట తానే దీన్ని సరిచేయబోయి సరిగ్గా చేయలేకపోయానని, విరుగుడు వేస్తూ రాసుకున్నాడు.

నాకేం దిగులు లేదు. అప్‌డేట్లు చూడ్డానికి ఆఫీసులో ఓ కుర్రాడున్నాడు.

"వేశావుటోయ్?"

"వేశాను సార్, కొత్త కెర్నెల్ దిగింది. కానీ..." అని నసిగాడు. "ఒకసారి యూనేమ్ కొట్టి చూడండి సార్."

కొట్టాను. 3.10, దాని తోకకి నా పేరు! సెంటాస్‌వాళ్లు పంపిన మందుసీసా అలమారలో భద్రంగా ఉంది. రోగి మాత్రం నా స్వయంపాకమే తింటున్నాడు.

"మరి మీ కెర్నెల్‌కి మందు ఎవరు పంపుతారు సార్?"

వెటకారం కాదు, నిజంగానే తెలీక అడిగాడు. నాకు చెమట పట్టింది. 3.10కీ విరుగుడు వచ్చింది. కాని దాన్ని దించి, కలిపి, మళ్లీ వండవలసినవాణ్ణి నేనే. రెండేళ్లలో అలాంటివి ఎన్నో వచ్చి ఉంటాయి. ఒక్కటీ దించలేదు. ఆ సర్వర్లో నూట యాభైమంది ఖాతాలున్నాయి. వాళ్లెవరికీ నా వంట సంగతి తెలీదు.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ నవ్వలేదు. "బజారు సీసా మీద తేదీ వేస్తారు. ఇంటి జాడీ మీద ఎవరేస్తారండీ? మూత తీసి నేను చూసుకోవట్లా?" అంది.

ఆ రాత్రి మూసిన పెట్టె తెరిచాను. ఏడువందల పైచిలుకు ఉత్తరాలు. ఒక్కదాంట్లోనూ "ప్రమాదం" అనలేదు, "చెప్పలేం" అనే అంది పాపం. నేనే దాన్ని సాధింపు అనుకున్నాను. పెట్టె ఏర్పాటు తీసేశాను.

ఆదివారం రాత్రి బ్యాకప్ తీసి, నా కెర్నెల్‌ని బూట్ మెనూలో రెండో వరసకి దించి, సెంటాస్‌వాళ్ల దాంతో రీబూట్ చేశాం. కుర్రాడు స్క్రీన్ చూస్తున్నాడు, నేను వాడి మొహం చూస్తున్నాను. నాలుగు నిమిషాలకి డిస్కులు పలికాయి. ఈ రెండేళ్లలో ఎప్పుడో ఆ కార్డు డ్రైవరు వాళ్లే చేర్చేశారట. నా వంటతో అవసరం తీరిపోయిందన్న సంగతి కూడా నేను చూసుకోలేదు.

మర్నాడు ఆరింటికి ఉత్తరం రాలేదు. ఆరున్నరకీ రాలేదు. సర్వర్ పడుకుందేమోనని కంగారుపడి కుర్రాడికి ఫోన్ చేశాను.

"రాకూడదు కద్సార్!" అన్నాడు వాడు, నిద్రమత్తులో.